కాన్ఫరెన్స్‌కి ఊరు వెతికేటప్పుడు ముందు మంచాలు లెక్కపెట్టండి

మూడొందల మంది డీలర్లు, రెండున్నర రోజుల వార్షిక సమావేశం. ఇన్నేళ్లూ రాజధానిలోనే పెట్టారు. ఈసారి మీ మనసు ఓ ప్రాంతీయ నగరం మీదికి పోయింది: నది ఒడ్డు, సంగీతం, రాత్రి పదింటికీ జనంతో కళకళలాడే వీధులు. మీ ఫైనాన్స్ హెడ్ మాత్రం "అంత దూరం ఎవరొస్తారు, ఖర్చు తడిసి మోపెడవుతుంది" అంటున్నారు. ఆయన్ని ఒప్పించడం ఎలా, ఊళ్లో ఏమేం చూసుకోవాలి అన్నది మీ ప్రశ్న.

ఇరవై రెండేళ్లుగా నా బతుకుతెరువు ఇదే. అందుకే కాస్త పొడుగ్గా చెబుతాను. ప్రాంతీయ నగరానికే వెళ్లమంటాను గానీ మీరు రాసిన కారణాలు నాకు చాలవు. బ్రోషర్‌లో ప్రతి ఊరూ సందడిగానే ఉంటుంది. హాల్ మెట్లు దిగి పది నిమిషాలు నడిస్తే ఆ సందడిలో పడాలి. అప్పుడే అది మీకు కలిసొస్తుంది. బస్సులెక్కించి తీసుకెళ్లాల్సిన సందడి అదనపు ఖర్చు, అంతే. ఇక తేదీ తప్పుగా ఎంచుకున్నారంటే ఆ సందడే మీ గదులు లాగేసుకుంటుంది.

ముందు రాజధానితో వచ్చే చిక్కు ఒకటి చెబుతాను. మీరు గమనించే ఉంటారు. రాజధానిలో ప్రతివాడికీ ఓ చుట్టమో, ఓ పాత స్నేహితుడో, ఓ ఆఫీసు పనో ఉంటుంది. సాయంత్రం ఆరు కాగానే మూడొందల మందిలో సగం మంది మాయం. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటి సెషన్‌కి పదింటికి వస్తారు. డీలర్ల సమావేశంలో అసలు పని ఎక్కడ జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. స్టేజీ మీద మాటలు సగమైతే, సాయంత్రం ఇద్దరు డీలర్లు పక్కపక్కన నడుస్తూ "మీ దగ్గర వసూళ్లు ఎలా ఉన్నాయి" అనుకోవడం మిగతా సగం. ఎవరికీ పెద్దగా పరిచయాలు లేని మధ్యరకం నగరంలో అందరూ ఒకే నాలుగు వీధుల్లో తిరుగుతారు, పదే పదే ఎదురుపడతారు. దీనికోసం మీరు పైసా పెట్టక్కర్లేదు.

రెండోది మీ స్థాయి. రాజధానిలో పెద్ద హోటల్‌కి మూడొందల మంది అంటే ఆ వారంలో వచ్చిన నాలుగు గుంపుల్లో ఒకటి. చిన్న నగరంలో మీరే ఆ నెలలో పెద్ద బేరం కావచ్చు. జనరల్ మేనేజర్ స్వయంగా వచ్చి కూర్చుంటాడు. మైకు పనిచేయకపోతే పరిగెత్తుకొచ్చే మనిషి ఉంటాడు.

అలాగని రాజధాని కాని ప్రతి ఊరూ పనికొస్తుందని కాదు. బ్రిటన్ రాజకీయ పార్టీలు దశాబ్దాల తరబడి వార్షిక సమావేశాలు సముద్రతీర పట్టణాల్లో పెట్టుకునేవి. కన్జర్వేటివ్ పార్టీ 2007లో బ్లాక్‌పూల్ అనే తీరపట్టణంలో సమావేశమైంది, తర్వాత తీరం వదిలి 2008లో బర్మింగ్‌హామ్‌కీ 2009లో మాంచెస్టర్‌కీ వెళ్లింది. బ్లాక్‌పూల్‌లో సందడికి ఏం కొదవ? కానీ కాన్ఫరెన్స్‌కి కావలసింది నగరం నడిబొడ్డున ఉండే హాల్, దాని చుట్టూ సరిపడా గదులు. మాంచెస్టర్‌లో ఆ హాల్ ఒకప్పటి రైల్వే స్టేషన్. 1880లో తెరిచారు, 1969లో మూతపడింది, 1986లో ఎగ్జిబిషన్ హాల్‌గా మళ్లీ తెరుచుకుంది. రైళ్లకోసం కట్టిన 64 మీటర్ల వెడల్పు ఆర్చి కింద స్తంభాల్లేని స్థలం దొరికింది. ఆ స్టేషన్ ఊరి మధ్యలోనే కట్టారు కాబట్టి చుట్టూ ఊరూ దొరికింది.

నాకు బాగా నచ్చే ఉదాహరణ స్పెయిన్‌లోని బిల్బావో. పరిశ్రమలు మూతపడి నీరసించిన రేవు పట్టణం. 1995లో మెట్రో వచ్చింది, 1997లో గుగ్గెన్‌హైమ్ మ్యూజియం, 1999లో పాత ఓడల కార్ఖానా స్థలంలో ఎవుస్కల్డూనా కాన్ఫరెన్స్ భవనం. మ్యూజియం పేరు లోకమంతా తెలుసు. మా వృత్తిలో వాళ్లం చూసేది మాత్రం వేరే: ఆ రెంటి మధ్య దూరం నది ఒడ్డునే ఓ కిలోమీటరు. సెషన్ అయిపోయాక మెడలో బ్యాడ్జీ తీయకుండానే నడుచుకుంటూ వెళ్లొచ్చు.

కాబట్టి మీ ఊరికి మొదటి పరీక్ష నడకే. దీన్ని మ్యాప్‌లో చేయకండి. ఓసారి నేనలాగే చేసి చేతులు కాల్చుకున్నాను. మ్యాప్‌లో హోటల్‌కీ హాల్‌కీ మధ్య నాలుగొందల మీటర్లు. అక్కడికెళ్లి చూస్తే మధ్యలో ఆరు లేన్ల రోడ్డు, దాటడానికి దారి లేదు, రెండు వైపులా కంచె. ఆ నాలుగొందల మీటర్ల కోసం రెండున్నర రోజులు బస్సులు తిప్పాం. ఒక్కో ట్రిప్పుకి యూ-టర్న్‌తో కలిపి ఇరవై నిమిషాలు. అప్పట్నుంచీ నా పద్ధతి ఒకటే. చక్రాల సూట్‌కేసు పట్టుకుని, కొత్త లెదర్ బూట్లేసుకుని, రాత్రి పదింటికి హోటల్ నుంచి హాల్‌కి నడుస్తాను. ఫుట్‌పాత్ ఎక్కడ తెగిపోతుందో, ఏ దీపం వెలగదో, ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లు ఆ దారిన వెళ్లగలరా లేదా, అన్నీ ఆ పది నిమిషాల్లో తెలిసిపోతాయి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లున్నారేమో ముందే కనుక్కుని ఆ దారిని వాళ్ల కళ్లతో ఇంకోసారి చూడండి. "మాకు ర్యాంప్ ఉంది" అనే మాట నమ్మకండి. ర్యాంప్ ఉంటుంది, దాని చివర తాళం వేసిన తలుపు ఉంటుంది.

తర్వాత మంచాలు. ప్రాంతీయ నగరాలు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. 2021లో ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల మహాసభ స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో జరిగినప్పుడు గదులు చాలక చాలామంది ఎడింబరోలో దిగి రోజూ రైల్లో వచ్చారు. 2025 నవంబర్‌లో అదే సభ బ్రెజిల్‌లోని బెలెంలో పెట్టినప్పుడు రెండు పెద్ద విహార నౌకలు తెచ్చి సుమారు 6,000 పడకలు సర్దారు. దేశాధినేతల సమావేశాన్ని ప్రధాన సభకంటే కొన్ని రోజులు ముందుకి జరపడానికి కూడా బస ఒత్తిడి తగ్గించడం ఒక కారణం. మీకు అంత జనం లేరు నిజమే, కానీ లెక్క అదే. ఊళ్లో మొత్తం ఎన్ని గదులున్నాయో చెప్పే అంకె మీకు అక్కర్లేదు. హాల్ నుంచి పది నిమిషాల నడకలో, మీ డీలర్లు మొహం చిట్లించకుండా ఉండగలిగే గదులు ఎన్ని ఉన్నాయి? మీకు కావలసింది ఆ అంకెలో మూడో వంతు దాటితే నేను ఆ ఊరు వదిలేస్తాను. ఇది పుస్తకాల్లో ఉన్న సూత్రం కాదు, దెబ్బలు తిని పెట్టుకున్న హద్దు. మిగతా మూడింట రెండొంతులు ఎప్పుడూ ఖాళీగా ఉండవు. ఒక పెళ్లి బృందం, ఒక క్రీడాజట్టు చాలు.

మూడొందల మందిని ఒకే హోటల్‌లో పెట్టడం అక్కడ కుదరకపోవచ్చు. అప్పుడు రెండు మూడు హోటళ్లలో సర్దాలి. డీలర్లతో ఇదో సున్నితమైన వ్యవహారం. ఒకరికి నది కనబడే గది, ఇంకొకరికి పార్కింగ్ కనబడే గది ఇస్తే రెండేళ్ల తర్వాత కూడా గుర్తుపెట్టుకుని అడుగుతారు. పంచేటప్పుడు అమ్మకాల ర్యాంకు ప్రకారం కాకుండా ప్రాంతాల వారీగా పంచండి. ఒకే ప్రాంతం వాళ్లంతా ఒకచోట ఉంటే ఎవరూ ఎవరితోనూ పోల్చుకోరు.

ఇప్పుడు ఫైనాన్స్ హెడ్‌గారి సంగతి. ఆయన అడిగిన ప్రశ్న సబబైనదే. దానికి భావుకతతో జవాబివ్వకండి, కాగితం మీద గంటలు చూపించండి. ముందు డీలర్లు ఎక్కణ్నుంచి వస్తున్నారో ఊళ్ల వారీగా పట్టిక వేయండి. ఉదాహరణకి మూడొందల్లో నూటఇరవై మందికి ఆ నగరానికి నేరుగా విమానం లేదనుకుందాం. మధ్యలో మారడం వల్ల మనిషికి మూడు గంటలు ఎక్కువ పడితే 360 గంటలు పోయాయి. రాజధానిలో విమానాశ్రయం నుంచి హోటల్‌కి గంటన్నర, ఇక్కడ ఇరవై నిమిషాలు అయితే మనిషికి డెబ్భై నిమిషాలు మిగులు, మూడొందల మందికి 350 గంటలు. అటూ ఇటూ సరిపోయింది! మీ అంకెలు వేరేగా రావచ్చు. తేడా మరీ ఎక్కువగా వస్తే ఆయన మాటే రైటు, ఆ ఊరు వదిలేయండి. ఈ పట్టిక వేయకుండా జరిగే వాదనలన్నీ అభిరుచుల గొడవలే.

పట్టికలో ఇంకో గడి పెట్టండి: రోజుకి ఎన్ని విమానాలు అని కాకుండా, ఎన్ని సీట్లు అని. చిన్న విమానాశ్రయాలకి ఏటీఆర్ 72 లాంటి చిన్న పంఖాల విమానాలు తిరుగుతుంటాయి. వాటిలో సుమారు 70 సీట్లు. రోజుకి నాలుగొస్తే 280. అందులో మీ కోసం ఖాళీగా ఉండేవి ఎన్ని? మూడొందల మంది ఒకే సాయంత్రం దిగాలని మీరు ఆహ్వానం పంపితే సగం మంది ముందురోజే రావాలి, వాళ్లకి ఒక రాత్రి బస అదనం. ఈ అదనపు రాత్రులు మొదటి బడ్జెట్‌లో ఎవరూ వేయరు. ఖర్చు తడిసి మోపెడయ్యేది అక్కడే. రైలు సౌకర్యం బాగున్న నగరమైతే ఈ తలనొప్పి సగం తగ్గుతుంది. చాలాచోట్ల స్టేషన్ ఊరి మధ్యలో ఉంటుంది, సీట్లూ ఎక్కువ.

తిరుగు ప్రయాణం ఇంకా మోసం చేస్తుంది. సాయంత్రం ఆఖరి విమానం ఆరున్నరకి ఉందనుకోండి, మీ చైర్మన్ ముగింపు ప్రసంగం నాలుగింటికి పెడితే ఖాళీ కుర్చీలకి చెప్పుకోవాలి. ఒంటిగంటకల్లా ముగించేలా కార్యక్రమం వేయండి.

తేదీల సంగతికొద్దాం. సందడి ఉన్న ఊరంటే దానికి సొంత క్యాలెండర్ ఉంటుంది. ఫ్రాన్స్‌లో లియాన్ మంచి కాన్ఫరెన్స్ నగరం. కానీ డిసెంబర్ 8 దగ్గరపట్ల దీపాల పండుగ నాలుగు రాత్రులు జరుగుతుంది, లక్షల మంది వస్తారు, అప్పుడు గది దొరకడమే గగనం. ఎడింబరోలో 1947 నుంచీ ఆగస్టు నెల కళల పండుగలదే. అమెరికాలో ఆస్టిన్‌కి మార్చిలో 1987 నుంచీ సౌత్ బై సౌత్‌వెస్ట్ అనే సంగీత, టెక్నాలజీ జాతర ఉంది, అది చాలదన్నట్టు 2012 నుంచి శరత్కాలంలో ఫార్ములా వన్ కారు పందేలు కూడా చేరాయి. ఇవన్నీ లోకానికి తెలిసినవి, తప్పించుకోవడం తేలిక. దెబ్బకొట్టేవి ఎవరికీ తెలియనివి: విశ్వవిద్యాలయ స్నాతకోత్సవం, ఓ మారథాన్, ఓ వృత్తి సంఘం మహాసభ. ఒక మారథాన్ రోజున పొద్దున్న మా అతిథుల బస్సులు హోటల్ ముందు రెండు గంటలు కదల్లేదు. వీధికి అటుపక్క హాల్ కనబడుతూనే ఉంది.

దీనికి మందు ఆ నగరపు కన్వెన్షన్ బ్యూరో. అమెరికాలోని డెట్రాయిట్‌లో 1896లో వ్యాపారులు చందాలేసుకుని, సమావేశాలు తమ ఊరికి రప్పించడానికి ఒక మనిషిని పెట్టుకున్నారు. ఈ పద్ధతి మొదలైంది అలాగే. ఇప్పుడు కాస్త పెద్ద నగరాల్లో చాలావాటికి అలాంటి ఆఫీసు ఉంది. వాళ్ల సాయం సాధారణంగా ఉచితం. మీ తేదీల్లో ఊళ్లో ఇంకేం ఉన్నాయో రాతపూర్వకంగా అడగండి. హోటల్ సేల్స్ వాళ్లని ఇదే ప్రశ్న అడిగితే "ఆ వారం ప్రశాంతంగా ఉంటుందండీ" అంటారు. వాళ్ల ఉద్యోగం అది. ఇంకో మాట, మీ కార్యక్రమాన్ని పట్టి కొన్ని నగరాలు రవాణాకో హాల్ అద్దెకో కొంత సాయం చేస్తాయి. ఒప్పందం మీద సంతకం పెట్టక ముందే అడగాలి, పెట్టాక మీ అవసరం వాళ్లకి ఉండదు.

ర్యాంకుల జాబితాలు చూసి మాత్రం మోసపోవద్దు. 1963లో పుట్టిన ఐసీసీఏ అనే అంతర్జాతీయ సంస్థ ఏటా నగరాల జాబితా వేస్తుంది. అందులో లెక్కపెట్టేది కనీసం 50 మంది హాజరై, క్రమం తప్పకుండా జరుగుతూ, మూడు దేశాల మధ్యనైనా తిరిగే సంఘాల సమావేశాల్ని. మీలాంటి కంపెనీ డీలర్ల మీటింగులు ఆ లెక్కలోకే రావు. ర్యాంకు లేని నగరం మీకు బ్రహ్మాండంగా సరిపోవచ్చు.

హాల్ గురించి బ్రోషర్ "400 మంది సామర్థ్యం" అంటుంది. అది గోడ నుంచి గోడకి కుర్చీలు వేస్తే, స్టేజీ లేకపోతే. వరస కుర్చీలకి మనిషికి దాదాపు ఒక చదరపు మీటరు పడుతుంది, ముందు బల్లలు కూడా వేస్తే దాదాపు రెట్టింపు. గుండ్రటి బల్లకి పది మంది అంటారు. స్టేజీకి వీపు పెట్టి ఎవరూ కూర్చోకూడదంటే ఆరుగురే. కాబట్టి హాల్‌ని ఎలా వాడతారో తేల్చుకుని అప్పుడు కొలతలు అడగండి. పైకప్పు ఎత్తు తప్పకుండా అడగండి. ఆఖరి వరస 24 మీటర్ల దూరంలో ఉంటే తెర ఎత్తు కనీసం మూడు, వీలైతే నాలుగు మీటర్లు ఉండాలి. ముందువాళ్ల తలలు అడ్డం రాకుండా దాని కింది అంచు నేల నుంచి 1.2 మీటర్లైనా పైన ఉండాలి. అంటే నాలుగు మీటర్ల తెరకి పైకప్పు ఐదు మీటర్ల పైచిలుకు ఎత్తుండాలి. ఐదున్నర మీటర్ల ఎత్తని చెప్పిన ఓ హాల్‌కి వెళ్లి చూస్తే నడిమధ్యన వరసగా మూడు గాజు షాండ్లియర్లు, ఒక్కోటీ మీటరున్నర కిందికి వేలాడుతోంది. ప్రొజెక్టర్ వెలుగు సరిగ్గా వాటి మీద పడి మా అమ్మకాల గ్రాఫు గోడంతా ఇంద్రధనుస్సులై పాకింది. ఫొటోలు బాగా వచ్చాయి, అంకెలు ఒక్కటీ కనబడలేదు.

ఇంకో సంగతి మడతపెట్టే గోడలు. ఒక పెద్ద హాల్‌ని మూడు ముక్కలు చేసి మూడు గుంపులకి ఇస్తారు. సైట్ విజిట్‌కి మంగళవారం మధ్యాహ్నం వెళ్లాను, పక్క హాల్ నిశ్శబ్దంగా ఉంది. మా సభ శనివారం. పక్కన పెళ్లి రిసెప్షన్, మేళం సౌండ్ చెక్ మూడింటికే మొదలైంది. మా ఎండీ కొత్త డిస్కౌంట్ విధానం చెబుతుంటే ప్రతి వాక్యం చివరా డప్పు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మీ సభ శనివారమైతే శనివారమే, అదే వేళకి వెళ్లి చూడండి. పక్క హాల్ ఎవరికిచ్చినా మీకు చెప్పాలన్న షరతు ఒప్పందంలో రాయించండి. వై-ఫై విషయంలో స్పీడ్ ఒక్కటే అడిగితే సరిపోదు. మూడొందల మందికి ఆరొందల ఫోన్లూ ల్యాప్‌టాపులూ ఉంటాయి, ఒకేసారి అన్ని కనెక్షన్లు తట్టుకుంటుందా అని అడగాలి. చిన్న నగరంలో ఎల్ఈడీ తెరలూ సౌండూ అద్దెకిచ్చేవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. హాల్ ఖాయం చేసిన రోజే వాళ్లనీ ఖాయం చేసుకోండి.

ఒప్పందంలో మీరు పోట్లాడాల్సింది ఒక్క క్లాజు గురించి. గదులు బ్లాక్ చేసుకుని వాడకపోతే కట్టాల్సిన సొమ్ము, దాన్నే అట్రిషన్ అంటారు. మూడొందల గదులు రెండు రాత్రులంటే 600. హోటల్ వాళ్లు తొంభై శాతం ఖాయం అంటే 540కి మీది పూచీ. వాడింది 500 అయితే నలభై రాత్రుల డబ్బు గాలికి. ఎనభై శాతానికి ఒప్పించగలిగితే పూచీ 480, మీరు గట్టున పడ్డట్టే. చిన్న నగరంలో మీరు పెద్ద బేరం అన్నాను కదా, ఆ బలం వాడాల్సింది ఇక్కడే. దాన్ని పూలగుత్తుల మీదా స్వాగత పానీయాల మీదా ఖర్చు చేసుకోకండి. అలాగే మీ తేదీల్లో మరమ్మతులు పెట్టబోమనీ, గది దొరక్క అతిథిని వేరే హోటల్‌కి పంపాల్సొస్తే ఆ ఖర్చు వాళ్లదేననీ రాయించండి.

ఆఖరి రోజు సామాన్ల సంగతి మర్చిపోతారని చెబుతున్నాను, అందరూ మర్చిపోతారు. గది పన్నెండింటికి ఖాళీ చేయాలి, మీ సభ ఒంటిగంట దాకా ఉంటుంది. అంటే పదకొండున్నర టీ విరామంలో మూడొందల మందీ ఒకేసారి రెండు లిఫ్టుల ముందు నిలబడతారు. హాల్ పక్కనే ఒక ఖాళీ గది అడిగి తీసుకోండి. సూట్‌కేసులకి రంగు ట్యాగులు, బస్సు నంబరు ప్రకారం. పొద్దున్న ఎనిమిదింటికే సామాన్లు అక్కడికి చేర్చమని ముందురాత్రి ప్రతి తలుపు కిందా ఓ చీటీ తోయించండి. మెసేజ్ పంపితే సగం మంది చదవరు.

ఆ నగరం పేరు మీరు రాయలేదు. డీలర్ల ఊళ్ల పట్టిక, ఆఖరి విమానం టైము, నడకదూరంలో ఉన్న గదుల సంఖ్య, ఈ మూడూ చేతికి రాగానే ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. హాల్ వాళ్లు అడ్వాన్స్ కోసం తొందరపెడితే, తేదీలు పది రోజులు మీ పేర ఆపి ఉంచమనండి, చాలామంది డబ్బు కట్టించుకోకుండానే ఆపుతారు.